టర్బో మార్చాను, ఈసీయూ ట్యూన్ ఇంకా కాలేదు: అంతవరకూ వైజాగ్‌లో బండి నడపొచ్చా?

ఎండాడ_వీఆర్‌ఎస్
అందరికీ నమస్కారం. నాది స్కోడా ఆక్టేవియా వీఆర్‌ఎస్ 230. పాత ఐఎస్20 టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపే పంకా) షాఫ్ట్ ఆడుతోందని తేలింది. ఎలాగూ మార్చాలి కదా, మార్చేదేదో పెద్దదే పెడదామని గోల్ఫ్ ఆర్, ఆడి ఎస్3లకు వచ్చే ఐఎస్38 వేయించాను. ఆటోనగర్‌లో తెలిసిన షెడ్డు, పని శుభ్రంగా చేశారు. బోల్టులు, పైపులు పాతవాటి చోటే కూర్చున్నాయి.

చిక్కల్లా ట్యూనింగ్ దగ్గర, అంటే ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్ ఈసీయూలోని లెక్కల్ని కొత్త టర్బోకి తగ్గట్టు మార్చడం దగ్గర. హైదరాబాద్‌లో డైనో (బండిని రోలర్ల మీద నడిపి పవర్ కొలిచే యంత్రం) స్లాట్ వచ్చే నెలకి గానీ దొరకలేదు. ఇల్లు ఎండాడ, ఆఫీసు రుషికొండ ఐటీ హిల్ మీద. బండి మామూలుగానే స్టార్టవుతోంది, ఐడిలింగ్ నున్నగా ఉంది, చెక్ ఇంజిన్ లైటు లేదు. స్టాక్ (కంపెనీ లెక్కలే ఉన్న) ఈసీయూతో ఈలోగా ఆఫీసుకి తిప్పుకోవచ్చా? హైదరాబాద్ దాకా నడిపించుకుని వెళ్లొచ్చా? "మెల్లగా తోలుకో, ఏం కాదు" అని ఒకరు, "తాళం తీసి లోపల పడేయ్" అని ఇంకొకరు చెబుతున్నారు. కారణంతో సహా ఎవరైనా చెబితే బాగుంటుంది.

డీజిల్_దొర
నా సలహా: బస్సు ఎక్కు గురూ. 28 నంబరు బస్సుకి ఏ ట్యూనూ అక్కర్లేదు.

ఉక్కునగరం_పుంటో
దొరగారి మాట పక్కనపెట్టు. నాది అబార్త్ పుంటో, 1.4 టీ-జెట్. టర్బో మార్చాక ట్యూన్ అయ్యేదాకా కూర్మన్నపాలెం నుంచి గాజువాక వరకూ రోజూ తిప్పాను. నా బండిలో వేస్ట్‌గేట్, అంటే ఎగ్జాస్ట్‌ని టర్బో పక్క నుంచి వదిలేసే తలుపు, గాలి ప్రెషర్‌తో తెరుచుకునే రకం. బూస్ట్‌ని (టర్బో ఎక్కించే గాలి ఒత్తిడిని) అదుపు చేసే సాలినాయిడ్ వాల్వుని తప్పించి హోస్ పైపు నేరుగా వేస్ట్‌గేట్ డబ్బాకి కలిపేశాం. అప్పుడు స్ప్రింగ్ ఎంత బలంగా ఉంటే అంత బూస్టే, దాన్ని దాటదు. ఈసీయూ ఎంత అడిగినా రాదు.

ఒక్కటి మాత్రం గట్టిగా చూసుకోవాలి. ఆ హోస్‌కి రెండు చివర్లా క్లాంప్ ఉండాలి. అది ఊడినా, వేడికి పగిలినా వేస్ట్‌గేట్‌కి గాలి అందదు, అది తెరుచుకోదు, బూస్ట్‌కి పట్టపగ్గాలుండవు. టర్బో పక్కన కాబట్టి సిలికాన్ హోస్ వేయించు, షాపులో దొరికే మామూలు రబ్బరు ట్యూబు వద్దు.

లాగ్‌షీట్
పుంటో అన్న చెప్పింది ఆయన బండికి సరిగ్గా సరిపోతుంది. కానీ వీఆర్‌ఎస్‌లో ఆ చిట్కా పనికిరాదు. ఐఎస్20 అయినా ఐఎస్38 అయినా వేస్ట్‌గేట్‌ని తిప్పేది ఎలక్ట్రిక్ మోటారు. తప్పించడానికి హోసూ లేదు, సాలినాయిడూ లేదు. ఆ ఫ్లాపు ఎంత తెరవాలో ప్రతి క్షణం ఈసీయూయే చెబుతుంది. పాత టర్బోని చూసి రాసిన లెక్కతో చెబుతుంది.

అందుకే మొదటి ప్రశ్న: టర్బో బిగించాక వేస్ట్‌గేట్ యాక్చుయేటర్‌కి, అంటే ఆ మోటారుకి, అడాప్టేషన్ చేశారా? రాడ్ సర్దుబాటు చేసి, ఫ్లాపు మూసుకున్న చోటు, పూర్తిగా తెరుచుకున్న చోటు స్కానర్‌తో ఈసీయూకి నేర్పించాలి. అది చేయకపోతే ఇక మిగతా చర్చంతా వృథా.

రెండోది, అసలు విషయం. యాక్సిలరేటర్ తేలిగ్గా తొక్కి వెళ్తున్నప్పుడు ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని ఆపేది థ్రాటిల్ రేకు. టర్బో అప్పటికి ఊరికే తిరుగుతుంటుంది. ఇన్‌టేక్‌లో ప్రెషర్ బయటి గాలి కంటే తక్కువే ఉంటుంది. అక్కడ ఐఎస్20 ఉన్నా ఐఎస్38 ఉన్నా ఈసీయూకి పెద్ద తేడా తెలీదు. కొత్తదాని టర్బైన్ పెద్దది కాబట్టి ఎగ్జాస్ట్ వెనక ఒత్తిడి కొంచెం తగ్గుతుంది, సిలిండర్‌లో తాజా గాలి కాస్త ఎక్కువ చేరుతుంది. ఆ కాస్త తేడాని ఆక్సిజన్ సెన్సర్ చూసి చెబితే ఈసీయూ ఫ్యూయల్ ట్రిమ్‌తో, అంటే పెట్రోలు కొంచెం పెంచో తగ్గించో, సర్దేస్తుంది.

బూస్ట్‌లోకి వెళ్లాకే కథ మారుతుంది. మన బండిలో గాలిని ప్రెషర్ సెన్సర్‌తో అంచనా వేస్తారు. అదే ప్రెషర్ దగ్గర కొత్త టర్బో ఎక్కువ గాలి తోస్తుంటే సెన్సర్‌కి ఆ సంగతి పూర్తిగా కనబడదు. పైగా పెద్ద టర్బో ఆలస్యంగా లేస్తుంది. "అడిగిన బూస్ట్ రాలేదే" అని ఈసీయూ ఫ్లాపుని బిగించి మూస్తుంది. తీరా టర్బో లేచేసరికి ఒక్కసారిగా పొంగుతుంది. లాగుల్లో (స్కానర్ రికార్డుల్లో) ముందు పీ0299 కోడ్, అంటే బూస్ట్ తక్కువైందని, దాని వెనకే పీ0234, అంటే ఎక్కువైందని కనిపించేది ఇందుకే. తర్వాత బండి లింప్ మోడ్‌లోకి, అంటే పవర్ బాగా తగ్గించేసుకునే స్థితిలోకి, పోతుంది. అది హనుమంతవాక సిగ్నల్ దగ్గర అయితే ఇబ్బంది. హైవే మీద లారీని దాటుతుండగా అయితే ప్రమాదం.

ఎండాడ_వీఆర్‌ఎస్
చాలా థాంక్స్ అన్నా. అడాప్టేషన్ చేశారు, స్కానర్ స్క్రీన్‌షాట్ నా దగ్గర ఉంది. అయితే 2,000 ఆర్‌పీఎం దాటకుండా, ఎప్పుడూ పై గేర్లో పెట్టుకుని వెళ్తే సరిపోతుందన్నమాట?

లాగ్‌షీట్
కాదు! ఇది పెద్ద అక్షరాలతో రాయాలనుంది. మెల్లగా నడపడం వేరు, లోడు లేకుండా నడపడం వేరు.

నీ డీఎస్‌జీ ఆటోమేటిక్ గేర్‌బాక్స్ డీ మోడ్‌లో ఉంటే మైలేజీ కోసం 60 దగ్గరే ఆరో గేరు వేసేస్తుంది. ఇంజిన్ 1,400 చుట్టూ నడుస్తుంటుంది. అప్పుడు ఎండాడ ఎత్తు వచ్చిందనుకో, కాలు కొంచెం నొక్కుతావు. గేరు మారకుండానే బూస్ట్ అడుగుతుంది. తక్కువ ఆర్‌పీఎం, ఎక్కువ లోడు, డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బో ఇంజిన్. స్పార్క్ పడకముందే మిశ్రమం అంటుకునే ఎల్‌ఎస్‌పీఐ వచ్చేది సరిగ్గా ఇక్కడే. మామూలు నాకింగ్ (స్పార్క్ పడ్డాక మిగిలిన మిశ్రమం తనంతట తాను పేలడం) అయితే నాక్ సెన్సర్ విని స్పార్క్‌ని వెనక్కి జరిపి కాపాడుతుంది. ఇది స్పార్క్‌కి ముందే అయిపోయే పేలుడు, ఇక టైమింగ్ జరిపి లాభమేంటి? పిస్టన్ రింగుల మధ్య గట్టు విరిగేది ఇలాగే. ఒక్క దెబ్బ చాలు.

కాబట్టి గేరుని మాన్యువల్‌లోకి లాగి, 2,200 నుంచి 3,000 మధ్య, కాలు తేలిగ్గా పెట్టి నడుపు. శబ్దం ఎక్కువ, పెట్రోలు కొంచెం ఎక్కువ, ఇంజిన్‌కి మాత్రం హాయి.

ఆటోనగర్_అప్పన్న
బాబూ, ముప్పై ఏళ్లుగా స్పానరు పట్టుకున్నోడిని, నామాట ఇనండి. కంప్యూటర్ సంగతి పెద్దోళ్లు సెప్తన్నారు, బాగుంది. నాను సెప్పేది ఆయిల్ సంగతి.

టర్బో బిగించినాక మొదటిసారి స్టార్ట్ సేసేముందు టర్బోకి ఆయిల్ ఎళ్లే రంధ్రంలో శుభ్రమైన ఆయిల్ నింపారా? ప్యూయల్ పంపు రిలే తీసి, ఇంజిన్ అంటుకోకుండా సెల్ఫ్ తిప్పి ఆయిల్ ప్రెషర్ ఎక్కించారా? ఎండు బేరింగుతో స్టార్ట్ సేస్తే కొన్ని సెకన్లలోనే గీతలు పడిపోతాయి. ట్యూనింగు ఎంత బాగా సేయించినా ఆ గీతలు పోవు.

ఇంకోటి. బండి బాగా ఏడెక్కి, మళ్లీ పూర్తిగా సల్లారినాక కింద దూరి సూడండి. ఆయిల్ ఫీడు పైపు బాంజో బోల్టు కాడ, కిందకి దిగే డ్రైన్ పైపు గాస్కెట్ కాడ తెల్ల గుడ్డతో తుడవండి. గుడ్డ నల్లగా తడిస్తే రాగి వాషరు మార్చాలి. పాత వాషరే మళ్లీ ఏసేత్తారు కొందరు, దానికి కక్కుర్తి పడకండి. ఆ పక్కనే ఎగ్జాస్టు ఎర్రగా కాలిపోతుంటాది. దానిమీద ఆయిలు కారితే ఏటవుద్దో సెప్పక్కర్లేదు.

ఎండాడ_వీఆర్‌ఎస్
అప్పన్న గారూ, ఆయిల్ నింపి, సెల్ఫ్ కొట్టి ప్రెషర్ ఎక్కించాకే స్టార్ట్ చేశారండి, నేను పక్కనే ఉన్నాను. కానీ మొదటి రోజు బానెట్ కింద నుంచి పొగ, మాడు వాసన వచ్చాయి. ఇప్పుడు లేవు. దిగులు పడాలా?

ఆటోనగర్_అప్పన్న
బిగించేటప్పుడు చేతి ఆయిలు, గ్రీజు ఎగ్జాస్టు మీద అంటుకుంటాది. అది మాడిపోతే ఆగిపోద్ది. సైలెన్సర్ ఎనక నుంచి నీలం పొగ, అదీ సిగ్నల్ కాడ ఆగి మళ్లీ బయలుదేరినప్పుడు వత్తంటే మాత్రం టర్బో సీలు అనుకోండి. అది లేదంటే దిగులొద్దు.

గేర్‌బాక్స్_గురు
డీఎస్‌జీ సంగతి ఎవరూ ఎత్తలేదు. ఈ బండిలో క్లచ్ ఎంత గట్టిగా పట్టాలో నిర్ణయించేది ఇంజిన్ చెప్పే టార్క్ అంకె. స్టాక్‌లో 350 న్యూటన్ మీటర్లు. డీక్యూ250 గేర్‌బాక్స్ హద్దు కూడా అక్కడికే. ఈసీయూ గాలిని తక్కువ అంచనా వేస్తే టార్క్‌ని కూడా తక్కువ చెబుతుంది. క్లచ్ ఆ మేరకే పడుతుంది, ఇంజిన్ అంతకంటే ఎక్కువ తోస్తే జారుతుంది. ఆర్‌పీఎం ఎగిరి స్పీడు రాకపోతే వెంటనే కాలు తీసేయ్.

క్రూయిజ్ కంట్రోల్ కూడా ముట్టుకోవద్దు. ఎత్తు రాగానే స్పీడు నిలపడానికి అదే బూస్ట్ అడుగుతుంది, నీ కాలికి ఆ సంగతే తెలీదు.

అరకు_వీకెండ్
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. ఇలాంటి స్థితిలోనే నా ఫ్రెండ్ బండి ఉంది. ఆదివారం అరకు ప్లాను, నలుగురం. ఘాట్‌లో స్పీడు ఎలాగూ 40 దాటదు కాబట్టి ఫర్వాలేదు కదా?

లాగ్‌షీట్
స్పీడు తక్కువే, లోడు ఎక్కువ. శృంగవరపుకోట దాటాక అనంతగిరి మీదుగా గాలికొండ దాకా అంతా ఎక్కుడే. నలుగురు మనుషులు, ఏసీ, మలుపు మలుపుకీ మళ్లీ లాగడం. ముందు నుంచి గాలి తగలదు కాబట్టి టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ వేడెక్కిపోతుంది. ఇంకో సంగతి: పైకి వెళ్లేకొద్దీ బయటి గాలి పలచబడుతుంది. వైజాగ్ సముద్ర మట్టంలో ఇగ్నిషన్ ఆన్ చేసి ప్రెషర్ సెన్సర్ చూస్తే 101 కిలోపాస్కల్ చుట్టూ చూపిస్తుంది, అరకు లోయలో అది 90 దగ్గరికి వస్తుంది. ఈసీయూ అడిగే ప్రెషర్ అందుకోవాలంటే అక్కడ టర్బో ఇంకా వేగంగా తిరగాలి. ట్యూన్ కాని బండికి అంతకంటే చెడ్డ రోడ్డు మన జిల్లాల్లో లేదు. రైల్లో వెళ్లండి, బొర్రా దాకా సొరంగాలు చూసుకుంటూ.

డీజిల్_దొర
నేను మొదట్లోనే బస్సు అన్నాను. ఇప్పుడు రైలు అంటున్నారు. నా మాటకి విలువ పెరుగుతోంది.

ఎండాడ_వీఆర్‌ఎస్
ఆఫీసు ఐటీ హిల్ మీదే కదా, ఆఖరి ముక్క అంతా ఎత్తే. బూస్ట్ వస్తోందో లేదో నడుపుతూ ఎలా తెలుసుకోవాలి? బండిలో బూస్ట్ గేజ్ లేదు.

లాగ్‌షీట్
స్కానర్ తగిలించే సాకెట్‌లో బ్లూటూత్ ఓబీడీ డాంగిల్ ఒకటి పెట్టి, ఫోన్‌లో ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ ప్రెషర్ ఒక్కటే పెద్ద అంకెగా పెట్టుకో. ఐడిలింగ్‌లో 30 నుంచి 40 కిలోపాస్కల్ మధ్య ఉంటుంది. 100 దాటిందంటే బూస్ట్ మొదలైనట్టు. నీ హద్దు 95 అనుకో. కొండ మీద 95 చాలకపోతే ఇంకో గేరు దించు, స్పీడు తగ్గించుకో. 25లో ఎక్కినా ఆఫీసు అక్కడే ఉంటుంది.

ఫోన్ చూస్తూ నడపొద్దు. రెండు రోజులు ఎవరినైనా పక్కన కూర్చోబెట్టుకుని చదివించు, ఆ తర్వాత కాలికే తెలిసిపోతుంది.

ఉక్కునగరం_పుంటో
పెట్రోల్ సంగతి కూడా చెప్పండి. బంకుల్లో ఇప్పుడు ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు) వస్తోంది. 95 ఆక్టేన్ కదా, నాకింగ్‌కి మంచిదే అంటున్నారు.

లాగ్‌షీట్
నాకింగ్‌కి మంచిదే. కానీ ఇథనాల్‌కి ఎక్కువ ఇంధనం కావాలి. ఉత్త పెట్రోలుకి గాలి, ఇంధనం నిష్పత్తి 14.7, ఈ20కి 13.5 దగ్గర. ఈ తేడాని కూడా సర్దేది ఆ ఫ్యూయల్ ట్రిమ్మే. అంటే సర్దుబాటుకున్న ఖాళీలో కొంత ఇప్పటికే ఖర్చయిపోయింది, కొత్త టర్బో మిగిలినదాన్ని అడుగుతుంది. ఎండాడ తమ్ముడూ, లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ ఎంతుందో చూసి చెప్పు. 10 శాతం పైన ఉంటే ఎక్కడైనా లీకేజీ ఉందేమో ముందు పొగ పెట్టి చూడాలి. ట్యాంకులో రకాలు కలపకు, ట్యూనింగ్ రోజు దాకా ఒకే బంకు, ఒకే రకం.

ఇంజిన్ ఆయిల్ కూడా ఏపీఐ ఎస్పీ గ్రేడు ఉన్నది పోయించు. ఎల్‌ఎస్‌పీఐ పరీక్ష పాసైన ఆయిళ్లు అవి. ఫోక్స్‌వ్యాగన్ అప్రూవల్ నంబరు కూడా డబ్బా మీద ఉండాలి, మర్చిపోకు.

పాలసీ_పేపర్
అందరూ ఇంజిన్ గురించి మాట్లాడారు, కాగితాల గురించి నేను చెబుతాను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలకి, బండికి తేడా వచ్చే మార్పు చేయకూడదు. 2019 సవరణతో వచ్చిన 182ఏ(4) కింద మార్పుకి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా పడొచ్చు. ఇన్సూరెన్స్ వాళ్లకి చెప్పకుండా చేసిన మార్పు క్లెయిమ్ రోజున బయటపడితే వాళ్లు కాగితం తిప్పి పంపిస్తారు. నడపొద్దని చెప్పడానికి నేనెవరిని? తెలిసి చేయండి, అంతే.

డీజిల్_దొర
పార్టీకి వచ్చి లైట్లు ఆర్పేసిన మావయ్య.

ఎండాడ_వీఆర్‌ఎస్
పాలసీ గారూ, థాంక్సండీ, ఇన్సూరెన్స్ వాళ్లకి మెయిల్ పెట్టాను. లాంగ్ టర్మ్ ట్రిమ్ ప్లస్ 6 శాతం చూపిస్తోంది. ఇక హైదరాబాద్ సంగతి. 600 కిలోమీటర్ల పైనే, తెల్లారగట్ల బయలుదేరి 80లో వెళ్తే?

గేర్‌బాక్స్_గురు
80లో సమస్య లేదు, దారిలో ఓపికతోనే సమస్య. తుని దాటే వరకూ బుద్ధిగా ఉంటావు. రాజమండ్రి దగ్గర ఎవడో క్రెటా వాడు లైట్లు కొడతాడు. ఇక చెప్పక్కర్లేదు. కార్ క్యారియర్‌లో ఎక్కించు. ఇంజిన్ ఓవర్‌హాల్ ఖర్చు ముందు క్యారియర్ అద్దె లెక్కలోకి రాదు.

లాగ్‌షీట్
ఇంకో దారి ఉంది. డైనో వాళ్లనే అడుగు, ముందుగా ఒక బేస్ ఫైల్ ఇవ్వగలరేమో. ఐఎస్38కి తగ్గ వేస్ట్‌గేట్ లెక్కలు, గాలి లెక్కలు పెట్టి, బూస్ట్ మాత్రం స్టాక్ దగ్గరే ఉంచుతారు. నీ సిమోస్ 18 ఈసీయూకి అలాంటి ఫైళ్లు వాళ్ల దగ్గర ఉంటాయి. కేబుల్ ఉన్నవాళ్లు వైజాగ్‌లోనే ఎక్కించొచ్చు.

ఎక్కించేటప్పుడు బ్యాటరీకి సపోర్ట్ ఛార్జర్ తప్పనిసరి. మధ్యలో వోల్టేజీ పడిపోతే ఈసీయూ మూగబోతుంది, అప్పుడు బండికి క్యారియర్ తప్ప దిక్కుండదు. కరెంటు పోయే వేళ చూసుకోండి. ఇన్వర్టర్ ఉన్న షెడ్డులో చేయించడం మేలు.

ఆటోనగర్_అప్పన్న
మా పక్క షెడ్డులో ఇన్వర్టర్ ఉంది బాబూ. టీ కూడా ఉంటాది.

ఎండాడ_వీఆర్‌ఎస్
అప్‌డేట్. డైనో వాళ్లు బేస్ ఫైల్ పంపారు, అప్పన్న గారి పక్క షెడ్డులోనే ఎక్కించాం. స్పార్క్ ప్లగ్‌లు మార్చి గ్యాప్ 0.6 మిల్లీమీటర్లు పెట్టించాను, వాళ్లే చెప్పారు. బాంజో బోల్టు దగ్గర గుడ్డ పొడిగా ఉంది. ఆనందపురం బైపాస్‌లో, ట్రాఫిక్ లేని చోట, ఫ్రెండ్ లాగ్ పట్టుకోగా మూడో గేర్లో సగం థ్రాటిల్‌తో లాగాం. బూస్ట్ అడిగినంతే వచ్చింది, పొంగలేదు. రైల్ ప్రెషర్ (ఇంజెక్టర్లకి అందే పెట్రోలు ఒత్తిడి) నిలబడింది. ఒక్కటే తేడా: మూడో సిలిండర్‌లో 3 డిగ్రీల నాక్ రిటార్డ్ (నాకింగ్ విని స్పార్క్‌ని వెనక్కి జరపడం), మిగతా మూడింట్లో సున్నా.

లాగ్‌షీట్
ఒక్క సిలిండర్‌లోనే అయితే ఫైల్‌ని వెంటనే అనుమానించొద్దు. మూడో ప్లగ్, రెండో ప్లగ్ అటూ ఇటూ మార్చి అదే రోడ్డు మీద, ఇన్‌టేక్ గాలి వేడి అంతే ఉన్నప్పుడు మళ్లీ లాగండి. రిటార్డ్ ప్లగ్‌తో పాటు రెండో సిలిండర్‌కి జరిగితే ప్లగ్గే. మూడులోనే ఉండిపోతే ఆ రెండు సిలిండర్ల కాయిల్స్ మార్చి చూడండి. అప్పటికీ కదలకపోతే లాగ్ ఫైల్ డైనో వాళ్లకి పంపించు, ఏ బంకు పెట్రోలో కూడా రాయి. ఈలోపు ఫుల్ థ్రాటిల్ వద్దు.